వేరు కాపురాలు, ఉమ్మడి లైబ్రరీలు: లినక్సు స్క్రీను వెనక కథ

లినక్సు డెస్కుటాపు గురించి ఎక్కడ మాట మొదలైనా పది నిమిషాల్లో ఎవరో ఒకరు "అసలు ఇన్నెందుకండీ, అందరూ కలిసి ఒక్కటి చెయ్యొచ్చుగా?" అంటారు. వెంటనే ఇంకొకరు "చాయిస్ ఉండటమే కదా దీని గొప్ప" అని అందుకుంటారు. ఇద్దరూ టీ తాగి ఎవరి సీటుకి వాళ్ళు వెళ్ళిపోతారు. ఈ టపాలో వాళ్ళిద్దర్నీ కాసేపు పక్కన కూర్చోబెట్టి, స్క్రీను మీద బొమ్మ పడేలా చేసే అడుగు పొర కథ చెబుదామని. దాన్నే డిస్‌ప్లే సర్వరు అంటారు. ఈ పొరే ఎందుకంటే, ఇక్కడ రెండు ప్రయోగాలూ జరిగిపోయాయి. చాలా ఏళ్ళు అందరూ ఒకే కోడు మీద బతికారు. ఆ తర్వాత ఎవరి కోడు వాళ్ళు రాసుకోవడం మొదలెట్టారు. రెండింటి ఫలితమూ మన కళ్ళ ముందే ఉంది.

1984లో ఎమ్‌ఐటీలో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ ఎక్స్ విండో సిస్టం మొదలుపెట్టారు. దానికి ముందు స్టాన్‌ఫోర్డులో తయారైన డబ్ల్యూ అనే విండో సిస్టం ఉండేది. డబ్ల్యూ తర్వాత అక్షరం ఎక్స్, కాబట్టి దీని పేరు ఎక్స్. (పేర్లు పెట్టడంలో మన వాళ్ళకి ఎప్పుడూ ఇంతే ఓపిక.) 1987 సెప్టెంబరులో పదకొండో వెర్షను వచ్చింది. ఇప్పటికీ మనం ఎక్స్11 అంటున్నామంటే ఆ పదకొండే. ముప్పై ఎనిమిదేళ్ళు దాటినా పన్నెండు రాలేదు.

ఎక్స్ వాళ్ళు పెట్టుకున్న నియమం ఒకటుంది. గీసే పని సర్వరుది, కానీ కిటికీలు ఎలా కనబడాలి, ఎక్కడ కూర్చోవాలి అనేది సర్వరు నిర్ణయించకూడదు. ఆ నిర్ణయం విండో మేనేజరు అనే వేరే ప్రోగ్రాముది. సర్వరు దృష్టిలో అది కూడా మిగతా వాటిలాగా ఇంకో క్లయింటు, అంతే. దీనివల్ల ఏమైందంటే, గ్రాఫిక్సు కార్డు గురించి అక్షరం ముక్క తెలియని వాడు కూడా శని ఆదివారాల్లో కూర్చుని ఒక విండో మేనేజరు రాసెయ్యగలిగాడు. 2006లో వచ్చిన డీడబ్ల్యూఎమ్ అయితే రెండు వేల వరుసల కోడు దాటకూడదని పంతం పెట్టుకుని మరీ రాశారు. అంటే ఎక్స్ రోజుల్లో పైన మనకి కనబడిన వందల రకాల వైవిధ్యం కింద ఉన్నది ఒకే ఒక్క సర్వరు. చాయిస్ అన్నవాడూ కరెక్టే, ఒక్కటి అన్నవాడూ కరెక్టే. వాళ్ళ గొడవ వేరే వేరే అంతస్తుల గురించి అన్నమాట.

మన పీసీల మీదకి ఎక్స్ వచ్చింది ఎక్స్‌ఫ్రీ86 రూపంలో, 1992 ప్రాంతంలో. పాత 3.x వెర్షన్లలో ఒక్కో రకం గ్రాఫిక్సు కార్డుకి ఒక్కో సర్వరు ప్రోగ్రాము ఉండేది. ఎస్3 కార్డుకి ఒకటి, మామూలు ఎస్‌వీజీఏకి ఇంకొకటి. 2000లో వచ్చిన 4.0 వెర్షను దాన్ని మార్చి, ఒకే సర్వరు, డ్రైవర్లు మాత్రం విడి మాడ్యూళ్ళుగా చేసింది. మంచి పని. ఆ తర్వాత కొన్నేళ్ళు ప్రపంచంలో లినక్సు డెస్కుటాపు ఉన్న ప్రతిచోటా, బీఎస్‌డీల్లోనూ, అదే కోడు.

"అందరూ కలిసి ఒక్కటి" అనేవాళ్ళు తప్పకుండా చదవాల్సిన భాగం ఇక్కడ మొదలవుతుంది. ఒక్కటే ఉన్నప్పుడు దాని తాళం చెవి ఎవరి దగ్గర ఉందన్నది పెద్ద ప్రశ్న అవుతుంది. ఎక్స్‌ఫ్రీ86లో ఆ చెవి కోర్ టీమ్ అనే చిన్న గుంపు దగ్గర ఉండేది. మార్పులు లోపలికి రావడం నత్తనడక. పారదర్శకంగా కనబడే కిటికీలు, నీడలు లాంటివి అప్పటికే మిగతా ఆపరేటింగ్ సిస్టముల్లో వస్తున్నాయి, ఇక్కడ మాత్రం ప్యాచులు వరసలో నిలబడి ఉన్నాయి. 2003 మార్చిలో కీత్ ప్యాకార్డుని కోర్ టీమ్ నుంచి తీసేశారు. ఎక్స్ మీద ఎప్పట్నుంచో పని చేస్తున్న మనిషి ఆయన. విడిగా ఇంకో దారి పెట్టబోతున్నాడన్నది అభియోగం.

అసలు దెబ్బ 2004 ఫిబ్రవరిలో. 4.4 వెర్షనుతో లైసెన్సు మార్చారు. కోడు వాడుకున్నవాళ్ళు తమ పేరు ఫలానా చోట వెయ్యాలి అన్న తరహా షరతు అది. చూడ్డానికి చిన్నదే. కానీ జీపీఎల్‌తో పొసగదన్నారు. డెబియన్, రెడ్‌హ్యాట్, ఓపెన్‌బీఎస్‌డీ లాంటి వాళ్ళంతా కొత్త వెర్షను మాకొద్దన్నారు. అదే ఏడాది జనవరిలో ఎక్స్.ఆర్గ్ ఫౌండేషను ఏర్పడి ఉంది. వాళ్ళు లైసెన్సు మారకముందున్న కోడు తీసుకుని ఏప్రిల్లో ఎక్స్11ఆర్6.7 విడుదల చేశారు. సెప్టెంబరులో వచ్చిన 6.8లో, అన్నాళ్ళూ బయట ఆగిపోయిన కాంపోజిట్ ఎక్స్‌టెన్షను వచ్చేసింది. కొద్ది కాలంలోనే డిస్ట్రిబ్యూషన్లు చాలావరకు ఇటు గెంతేశాయి. ఎక్స్‌ఫ్రీ86 చివరి విడుదల 2008లో. అప్పటికి దాన్ని పట్టించుకున్నవాడు లేడు.

దీన్ని ఎవరూ "ఫ్రాగ్మెంటేషను" అని తిట్టరు, గమనించారా? రెండుగా చీలింది నిజమే, కానీ కొద్ది కాలంలోనే దాదాపు అందరూ ఒక పక్కకి వచ్చేశారు కాబట్టి చీలికగా మిగల్లేదు. చీల్చే హక్కు ఉండబట్టే ఒక్కటిగా మిగిలింది.

ఎక్స్.ఆర్గ్ వాళ్ళు తర్వాత చేసిన పని నా దృష్టిలో ఇంకా పెద్దది, కానీ దాని గురించి ఎవరూ మాట్లాడరు. 2005 డిసెంబరు నాటి ఎక్స్11ఆర్7.0. అంతకు ముందు మొత్తం ఎక్స్ అంతా ఒకే చెట్టు. ఒక మౌసు డ్రైవరులో ఒక వరుస మార్చినా ఫాంట్లతో సహా మొత్తం విడుదల కోసం ఎదురుచూడాలి. దాన్ని విడగొట్టి వందల కొద్దీ చిన్న ప్యాకేజీలు చేశారు. పెద్ద సంస్థల్లో పని చేసినవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది. నేను ఒకప్పుడు పనిచేసిన చోట "కామన్ ఫ్రేమ్‌వర్క్" అని ఒకే ఒక్క పెద్ద ముద్ద ఉండేది. అందులో తేదీ ఫార్మాటు ఫంక్షను కావాలన్నా డేటాబేసు లేయరు కూడా వచ్చి నెత్తిన కూర్చునేది. దాంతో ప్రతి టీమూ గుట్టుగా తమ కాపీ ఒకటి పెట్టుకుంది. ఉమ్మడిగా ఉంచాలంటే ముందు ముక్కలు చెయ్యాలి, లేకపోతే జనమే ముక్కలవుతారు.

ఇదే సమయంలో ఇంకో మార్పు కూడా జరుగుతోంది. సర్వరు పనులు ఒక్కొక్కటే కిందకి జారిపోవడం. స్క్రీను రిజల్యూషను పెట్టే పని 2009లో 2.6.29తో ఇంటెల్ కార్డులకి కెర్నలులోకి వెళ్ళింది. ఫాంట్లు గీయడం అప్పటికే అప్లికేషన్ల చేతికి పోయింది. కిటికీలన్నీ కలిపి చివరి బొమ్మ తయారుచేసే పని కాంపోజిటరు అనే ఇంకో ప్రోగ్రాముది. మధ్యలో ఎక్స్ సర్వరు మిగిలిన పనేంటంటే, అటు చెప్పింది ఇటు, ఇటు చెప్పింది అటు చేరవెయ్యడం. పెళ్ళిళ్ళ పేరయ్య ఉద్యోగం.

అప్పుడు రెడ్‌హ్యాట్‌లో పనిచేస్తున్న క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ 2008లో వేసిన ప్రశ్న, "మరి ఆ మధ్యవర్తి ఎందుకు?" అని. కాంపోజిటరే సర్వరు అయిపోతే పోలేదా? మసాచుసెట్స్‌లోని ఒక ఊరి పేరు మీద దానికి వేలాండ్ అని పేరు పెట్టాడు. 2012 అక్టోబరులో 1.0 వచ్చింది.

టెక్నికల్‌గా చక్కటి ఆలోచనే. కానీ దీంతో పాత అంతస్తుల లెక్క తలకిందులైపోయింది. వేలాండ్ అంటే సర్వరు కాదు, ఒక ప్రోటోకాలు. దాంతోపాటు వచ్చే లైబ్రరీ మెసేజీలు ఇచ్చి పుచ్చుకోవడానికి పనికొస్తుంది తప్ప స్క్రీను మీద ఒక్క చుక్క కూడా పెట్టదు. ఇప్పుడు ఆ శని ఆదివారాల కుర్రాడు విండో మేనేజరు రాయాలంటే, కెర్నలుతో మాట్లాడి స్క్రీను వెలిగించాలి, బఫర్లు చూసుకోవాలి, కీబోర్డు, మౌసు, టచ్‌ప్యాడు చదవాలి, కాపీ పేస్టు చూడాలి, పాత ఎక్స్ అప్లికేషన్ల కోసం ఎక్స్‌వేలాండ్‌ని ఇమడ్చాలి. రెండు వేల వరుసల పని కాస్తా పదుల వేలకి ఎగబాకింది. గ్నోమ్ వాళ్ళు మట్టర్‌లో, కేడీఈ వాళ్ళు క్విన్‌లో ఆ పని చేసుకున్నారు, వాళ్ళకి మనుషులున్నారు. మరి లేనివాళ్ళు?

ఇక్కడ ఒక పక్కదారి కథ, మిర్ సంగతి. ఉబుంటు కూడా వేలాండ్‌కి వెళ్తుందని 2010 నవంబరులో మార్క్ షటిల్‌వర్త్ ప్రకటించాడు. 2013 మార్చికల్లా మాట మారింది, వేలాండ్ కాదు, కెనానికల్ సొంతంగా మిర్ అనే సర్వరు రాస్తుంది అని. వేలాండ్ సరిపోకపోవడానికి వాళ్ళు మొదట రాసిన టెక్నికల్ కారణాల్లో కొన్ని తప్పని వేలాండ్ వాళ్ళు చూపిస్తే, అవి తీసేశారు కూడా. కేడీఈ తరఫున క్విన్ చూసే మార్టిన్ గ్రెస్లిన్, ఒక్క డిస్ట్రిబ్యూషనుకే పనికొచ్చే దానికోసం ప్యాచులు తీసుకోనన్నాడు. ఇంటెల్ అయితే ఆ సెప్టెంబరులో తన డ్రైవరులోకి ఎక్స్‌మిర్ సపోర్టు తీసుకుని, కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసేసింది. మిర్ సర్వరు జీపీఎల్ 3 లైసెన్సుతో ఉన్నా, కోడు ఇచ్చేవాళ్ళు కెనానికల్‌తో విడిగా ఒప్పందం సంతకం చెయ్యాలి. అది కూడా జనానికి రుచించలేదు. 2017 ఏప్రిల్లో యూనిటీ 8ని ఆపేస్తున్నామని చెప్పి ఉబుంటు మళ్ళీ గ్నోమ్‌కి వచ్చింది. నాలుగేళ్ళు. తమాషా ఏంటంటే మిర్ చావలేదు, వేలాండ్ ప్రోటోకాలు నేర్చుకుని, వేలాండ్ కాంపోజిటర్లు రాయడానికి పనికొచ్చే లైబ్రరీగా బతుకుతోంది. పోటీకి పుట్టింది చివరికి ఉమ్మడి లైబ్రరీల జాబితాలో చేరింది.

లైబ్రరీల కథకి వద్దాం. నాకు అన్నింటికంటే నచ్చేది లిబ్‌ఇన్‌పుట్. ఎక్స్ రోజుల్లో టచ్‌ప్యాడుకి సినాప్టిక్స్ అని ఒక డ్రైవరు ఉండేది, దానికి పదుల కొద్దీ ఆప్షన్లు. మీ ల్యాప్‌టాపు టచ్‌ప్యాడు పిచ్చిగా ప్రవర్తిస్తే ఎవరో రాసిన కాన్‌ఫిగ్ ముక్క వెతికి అతికించుకోవాల్సిందే. వేలాండ్ వాళ్ళు నమూనా కోసం రాసిన వెస్టన్ అనే కాంపోజిటరులో ఇన్‌పుట్ కోడు ఉండేది. దాన్ని జోనాస్ ఆడాల్ విడదీశాడు, పీటర్ హట్టరర్ పెంచి పెద్ద చేశాడు. 2015లో 1.0 వచ్చింది. గ్నోమ్, కేడీఈ, మిగతా చిన్నా చితకా అందరూ అదే వాడతారు. అంతటితో ఆగలేదు, ఎక్స్ సర్వరు కోసం కూడా దానికో చిన్న డ్రైవరు రాసి తగిలించారు. ఫెడోరా 2015లోనే దాన్ని డిఫాల్టు చేసింది. వేలాండ్ కోసం పుట్టిన కోడు ఎక్స్ వాళ్ళ టచ్‌ప్యాడు బాగుచేసిందన్నమాట.

మరి అదే వెస్టన్‌లోంచి విడదీసిన లిబ్‌వెస్టన్, 2016లో వచ్చింది, ఎందుకని అలా పాకలేదు? ఇద్దరిదీ ఒకే పుట్టిల్లు కదా. నాకు తోచింది చెప్తాను. వేలితో రెండుసార్లు తడితే క్లిక్కా కాదా అన్న విషయంలో గ్నోమ్‌కీ కేడీఈకీ సిద్ధాంత విభేదాలేమీ ఉండవు. కానీ కాంపోజిటరు మొత్తం ఎలా ఉండాలి, సీను ఎలా గీయాలి, కిటికీలు ఎలా కదలాలి అంటే అది వాళ్ళ డెస్కుటాపు ఆత్మ. దాన్ని పక్కింటి నుంచి తెచ్చుకోరు.

స్వే అనే కాంపోజిటరుకి ఈ బాధ బాగా తగిలింది. ఐ3 అనే పాత విండో మేనేజరు వాడేవాళ్ళ కోసం డ్రూ డివాల్ట్ 2015లో మొదలుపెట్టాడు. కింది పనులకి డబ్ల్యూఎల్‌సీ అనే లైబ్రరీ వాడాడు. అది వేలాండ్ సంగతులన్నీ దాచేసి, సులువైన ముఖం చూపించేది. మొదట్లో హాయిగానే ఉంటుంది. ఆ దాచినవే కావాల్సి వచ్చినప్పుడు గోడకి తల బాదుకోవాలి. 2017లో స్వే వాళ్ళు, ఇంకొన్ని చిన్న ప్రాజెక్టుల వాళ్ళు కలిసి డబ్ల్యూఎల్‌రూట్స్ మొదలెట్టారు. దీని పద్ధతి వేరు. ఏదీ దాచదు, ఏదీ నిర్ణయించదు. స్క్రీను ముక్క ఒకటి, ఇన్‌పుట్ ముక్క ఒకటి, కావలసినవి తీసుకో, వద్దంటే నువ్వే రాసుకో. ఎటూ మీరు రాయక తప్పని అరవై వేల వరుసల కోడు అని వాళ్ళే చమత్కారంగా చెప్పుకుంటారు. నమూనాగా ఇచ్చే టైనీడబ్ల్యూఎల్ సుమారు వెయ్యి వరుసల్లో పనిచేసే కాంపోజిటరు. 2019 మార్చిలో స్వే 1.0 దీనిమీదే వచ్చింది. శని ఆదివారాల కుర్రాడికి పని మళ్ళీ దొరికింది. డీడబ్ల్యూఎమ్‌కి వేలాండ్ తమ్ముడు డీడబ్ల్యూఎల్ కూడా దీనిమీదే పుట్టింది.

దీని ఉపయోగం రాస్ప్‌బెర్రీ పై వాళ్ళ దగ్గర స్పష్టంగా కనబడింది. 2023 అక్టోబరులో పై 4, పై 5 బోర్డుల మీద వేఫైర్ అనే కాంపోజిటరుకి మారారు. పాత బోర్డుల మీద అది బరువైంది. 2024 అక్టోబరులో ల్యాబ్‌డబ్ల్యూసీ అనే తేలికైన దానికి మారి, అన్ని బోర్డులకీ అదే ఇచ్చారు. రెండింటికీ పునాది డబ్ల్యూఎల్‌రూట్స్. ఏడాదిలో ఇల్లు మారిపోయినా పునాది తవ్వక్కర్లేదు.

అలాగని ఇది సుఖాంతం కాదు. డబ్ల్యూఎల్‌రూట్స్ ఇప్పటికీ 0 తోనే మొదలయ్యే వెర్షను నంబర్లతో నడుస్తోంది, ప్రతి విడుదలలో ఏపీఐ మారుతుంది, వాడేవాళ్ళు వెంట పరిగెత్తాలి. రస్ట్‌లో దానికి తొడుగు చెయ్యబోయిన వే కూలర్ ప్రాజెక్టు, సీ భాషలో ఏ వస్తువు ఎప్పుడు చస్తుందో రస్ట్‌కి నచ్చజెప్పలేక 2019లో ఆ ప్రయత్నం వదిలేసింది. ఆ అవసరం స్మితే అనే వేరే రస్ట్ లైబ్రరీ తీర్చింది. సిస్టం76 వాళ్ళ కాస్మిక్ డెస్కుటాపు దానిమీదే, 2025 డిసెంబరులో మొదటి విడుదల. బాగా పేరొచ్చిన హైప్ర్‌ల్యాండ్ 2024లో డబ్ల్యూఎల్‌రూట్స్ వదిలేసి సొంతంగా ఆక్వామెరైన్ రాసుకుంది. మరి గ్నోమ్, కేడీఈ ఎందుకు రాలేదంటే, 2017కి వాళ్ళ కోడు వాళ్ళ దగ్గర ఎప్పుడో పనిచేస్తోంది. ఫెడోరా 25 అయితే 2016 నవంబరులోనే గ్నోమ్‌ని వేలాండ్ మీద డిఫాల్టుగా ఇచ్చేసింది. కట్టిన ఇల్లు కూల్చి అపార్టుమెంటులోకి ఎవడొస్తాడు?

కోడు వేరైనా ప్రోటోకాలు ఒకటే కదా, ఇబ్బందేముంది అనొచ్చు. కిటికీ పైన ఉండే పట్టీ, అదే మూసే బొత్తాము ఉండేది, ఎవరు గీయాలి అన్నదానిమీద తగువు. కేడీఈ, స్వే సర్వరు గీస్తుందంటాయి, గ్నోమ్ అప్లికేషనే గీసుకోవాలంటుంది. దానికోసం ప్రోటోకాలు వచ్చినా గ్నోమ్ తీసుకోలేదు. మధ్యలో ఆటలు రాసేవాళ్ళకి తలనొప్పి. చివరికి ఆ పట్టీ గీసిపెట్టడానికే లిబ్‌డెకార్ అని ఇంకో ఉమ్మడి లైబ్రరీ పుట్టింది. ఒప్పందం కుదరని ప్రతిచోటా దాన్ని కప్పడానికి ఒక లైబ్రరీ పుడుతుంది, ఎందుకంటే మనవాళ్ళకి మీటింగు కంటే కోడు రాయడం సులువు.

మన తెలుగుకి తగిలే సంగతి కూడా ఉంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వాడేవాళ్ళు అదృష్టవంతులు. ఆ లేఅవుటు ఎక్స్ కీబోర్డు కాన్‌ఫిగ్ అనే ఉమ్మడి డేటాలో ఉంది, ఎక్స్ అయినా వేలాండ్ అయినా, గ్నోమ్ అయినా స్వే అయినా అదే ఫైలు చదువుతాయి. వత్తులు సరిగ్గా పడటం సంగతి కూడా అంతే. ఒకప్పుడు గ్నోమ్‌కి ఒక ఇంజను, క్యూటీకి ఇంకొకటి, ఓపెన్ఆఫీసుకి మరొకటి. 'స్త్రీ' అని రాస్తే ఒకదాంట్లో స్త్రీ, ఇంకోదాంట్లో ముక్కలు. బెహదాద్ ఎస్ఫహబోద్ హార్ఫ్‌బజ్ వచ్చాక ఫైర్‌ఫాక్సు, క్రోము, లిబ్రేఆఫీసు, ఆండ్రాయిడు అన్నీ దానికే వచ్చాయి. ఒకచోట తెలుగు బాగుచేస్తే అన్నిచోట్లా బాగయ్యే రోజు వచ్చింది. (ఆ పేరు పర్షియన్లో అక్షరం, తెరిచిన అనే మాటల నుంచి వచ్చింది, ఓపెన్‌టైప్‌కి అనువాదమన్నమాట.)

కానీ మనలో ఎక్కువమంది కొట్టేది ఇన్‌స్క్రిప్ట్ కాదు, ఆర్‌టీఎస్ లాంటి ఇంగ్లీషు అక్షరాల పద్ధతి. 'తెలుగు' అని పడాలంటే మధ్యలో ఒక ఇన్‌పుట్ మెథడ్ ప్రోగ్రాము, ఉదాహరణకి ఐబస్, కూర్చుని మార్చాలి. వేలాండ్‌లో దానికి టెక్స్ట్ ఇన్‌పుట్ అనే ప్రోటోకాలు ఉంది, ఒకటి కాదు, వీ1, వీ2, వీ3. గ్నోమ్ వీ3 మాత్రమే ఇస్తుంది. క్రోమియం, దానిమీద కట్టిన ఎలక్ట్రాన్ అప్లికేషన్లు చాలాకాలం వీ1 మాత్రమే, అదీ కమాండ్ లైన్లో ఫ్లాగ్ పెడితేనే, అడిగేవి. క్రోమియంలోకి వీ3 వచ్చేదాకా ఆ రెండూ నేరుగా వేలాండ్‌లో కలిసినచోట చైనీసు, జపనీసు వాళ్ళతోపాటు మనకీ అక్షరం పడేది కాదు. బగ్గు ఎవరిదంటే ఎవరిదీ కాదు, ఎవరి కోడు వాళ్ళది కరెక్టే.

పాత ఎక్స్ సెషను తెరుచుకుని పని కానిచ్చుకునే దారి కూడా మూసుకుంటోంది. 2025 మేలో వచ్చిన ఆర్‌హెచ్ఈఎల్ 10లో ఎక్స్ సర్వరు లేదు, ఎక్స్‌వేలాండ్ ఒక్కటే ఉంది. ఉబుంటు 25.10లో గ్నోమ్ ఎక్స్ సెషను తీసేశారు. ప్లాస్మా 6.8 నుంచి వేలాండ్ మాత్రమేనని కేడీఈ చెప్పింది. 2025 జూన్‌లో ఎక్స్.ఆర్గ్ సర్వరుని చీల్చి ఎక్స్‌లిబ్రే అని ఒకరు మొదలుపెట్టారు, కానీ 2004లో లాగా డిస్ట్రిబ్యూషన్లు వరసకట్టి అటు నడవలేదు. ఇక ఆ టెక్స్ట్ ఇన్‌పుట్ వీ3 ప్రోటోకాలు 2018లో వచ్చింది. ఇంకా ఖరారు కానివాటి పేరుకి ముందు జెడ్ అక్షరం తగిలించడం వేలాండ్ వాళ్ళ పాత ఆనవాయితీ. దాని పేరులో ఆ జెడ్ ఇంకా అలాగే ఉంది.